పిట్టకిచ్చిన మాట

మా ఆయన పోయిన పదో రోజున కాకి ముద్ద ముట్టలేదు. అందుకని నేనొక అమెరికా కారు కొనాల్సి వచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య ఏదో జారిపోయిందని చదివేవాళ్లకు అనిపించడం సహజం. మునిసిపాలిటీ తెలుగు బడిలో పంతులమ్మగా బతుకంతా పిల్లల వ్యాసాల్లో ఇలాంటి ఖాళీలకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టినదాన్ని. నా వ్యాసంలో ఖాళీని నేనే పూడ్చుకుంటాను.

మాది ముంబైలోని కామాటిపురా. పేరు వినగానే, పక్క సందుల్లోని సానికొంపలు గుర్తొచ్చి, కొందరి మొహాల్లో ఒక వెకిలి నవ్వు మొలుస్తుంది. ఈ ఊరి మేడలకు రాళ్లు మోసిన తెలుగు కామాటీల పేరు మీద వెలిసిన పేట ఇది అని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు చెప్పను, నవ్వుకునేవాళ్లను నవ్వుకోనిస్తాను. మా తాతలు అందరికీ మేడలు కట్టారు, మేము మాత్రం వరస గదుల చాళ్లో ఒకే ఒక గదిలో ఉన్నాం. ఆ గదిని ఇక్కడ ఖోలీ అంటారు. అందులో మా అత్త, మేమిద్దరం, మా అమ్మాయి. పరుపు పరిస్తే వంటకు చోటు లేదు, వంట మొదలుపెడితే చదువుకు చోటు లేదు. ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అని మా ఆయన నన్ను చూసి పాడేవాడు. నేను గరిటె ఎత్తితే నవ్వుతూ బయటికి పోయేవాడు.

ఆయన ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన ఒక గ్యారేజీలో ఇంజిన్ మిస్త్రీ. మా పెళ్లయిన కొత్తలో అక్కడ నిండా నలుపు పసుపు టాక్సీలే ఉండేవి. ఆ పాత టాక్సీలు ఒక్కొక్కటే రోడ్డెక్కడం మానేశాక గ్యారేజీ యజమాని షోకు బండ్ల వైపు తిరిగాడు. షోకు బండ్లంటే డబ్బున్నవాళ్లు సరదాకు ఉంచుకునే పాత విదేశీ కార్లు. వాటిలో ఎక్కడికీ పోవాల్సిన పని ఉండదు. ఆదివారం బయటికి తీసి, నలుగురూ చూశాక, మళ్లీ గుడ్డ కప్పి పెడతారు. పనికి రాని బండికి అంత సేవ ఎందుకని నేనడిగితే, దేవుడికి చేస్తున్నాం కదా, ఆయన మాత్రం మనల్ని ఎక్కడికి తీసుకుపోయాడు అనేవాడు. మా అత్త వినకుండా అనేవాడు.

ఆ బండ్లన్నిట్లో ఒక ఎర్ర బండి మా ఆయనకు ప్రాణం. సముద్రం ఒడ్డున పెద్ద మేడలో ఉండే ఒక సేఠుది. మేమింకా పుట్టకముందు అమెరికాలో తయారైంది. రెండే తలుపులు, మంచమంత బానెట్టు, దాని మీద రెండు నల్ల చారలు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజిను. అలాంటివాటిని మజిల్ కార్లంటారట, అంటే కండలు తిరిగిన బండ్లు. అక్కడి కుర్రాళ్లు పందేలు వేసుకోవడానికి కొనుక్కునేవారట. ఇక్కడ మాత్రం ఉప్పుగాలికి ఇంజిను పట్టేయకుండా ప్రతి ఆదివారం ఒక చుట్టు తిప్పే పని సేఠు మా ఆయనకు అప్పగించాడు. ఆదివారం తెల్లారకముందే లేచి, తలకు స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, తుడవడానికి నా పాత నూలు చీర ముక్కను సంచిలో పెట్టుకుని బయల్దేరేవాడు. నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజున కూడా అంత తయారై రాలేదు.

నేను ఆ బండిని నడుస్తుండగా చూసింది ఒక్కసారే. మా పుట్టిల్లు వర్లి చాళ్లలో. ఒక ఆదివారం అక్కడ ఉండి, చంటిదాన్ని ఎత్తుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్లాను. ముందు శబ్దం వచ్చింది, గోడ పిట్టలన్నీ లేచాయి, తర్వాత ఎర్రగా ఆయన వచ్చాడు. నన్ను చూశాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. ఆపలేదు. ఇంటికొచ్చాక నేను చేసిన గొడవకు పక్క ఖోలీ వాళ్లు టీవీ శబ్దం తగ్గించి మరీ విన్నారు. కట్టుకున్నదాన్ని, చంకలో పిల్లతో రోడ్డు మీద నిలబడితే, ఖాళీ సీటు పెట్టుకుని వెళ్లిపోతావా అని నా బాధ. ఆయన అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

"అది మనది గాదు టీచర్," అన్నాడు. "పరాయి గాడీల పెండ్లాన్ని తిప్పుకుంటె దొంగతనమే అయితది. మనదైననాడు కూసుందువు. ముంగట సీట్ల, నా పక్కన."

కోపం వచ్చినా ప్రేమ వచ్చినా నన్ను టీచర్ అనే పిలిచేవాడు. ఆ మాటతో నా గొడవ ఆగిపోయింది కానీ ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. మనదైననాడు అన్నది నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో, లోపల ఉన్నదే బయటపడిందో తెలియదు. అప్పటి నుంచి రాత్రి భోజనాల దగ్గర ఎర్ర బండి కొనడం ఎలాగో మాకు పాఠం. అలాంటిదే ఏదైనా పాడుబడిన డబ్బా దొరికితే చాలట, గ్యారేజీ మూల పెట్టుకుని వయసుడిగేలోపు బాగుచేస్తాడట. కొనేటప్పుడు రంగు చూడకూడదట, వంగి అడుగు చూడాలట. తివాచీ ఎత్తి వాసన పీల్చాలట. ఇంజిన్ని చల్లగా ఉన్నప్పుడే తిప్పమనాలట, వేడిచేసి చూపించేవాడు ఏదో దాస్తున్నాడని అర్థమట. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడట అని నేను గొణిగేదాన్ని. ఎక్కడ పెడతావు పప్పా, పైన అటక మీదనా అని మా అమ్మాయి. ముసలి అత్త మాత్రం కొడుకు చెప్పే ప్రతి ముక్కనూ పురాణం విన్నట్టు వినేది.

పోయిన ఏడాది ఎండాకాలంలో, మధ్యాహ్నం తిన్నాక, గ్యారేజీలో ఎవరిదో కారు వెనక సీట్లో కాసేపు నడుం వాల్చాడట. చాయ్ వచ్చిందని పిలిస్తే లేవలేదు. గుండె అన్నారు. ఇంట్లో మోకాళ్లు ముడుచుకుని పడుకోవడానికి అలవాటుపడ్డ మనిషి, ఆ సీట్లో కూడా అలాగే పడుకున్నాడని తెచ్చినవాళ్లు చెప్పారు. ఆ సంగతి వాళ్లు చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పటికీ నేను కాళ్లు చాపుకుని పడుకోలేను.

పదో రోజున పిట్టకు పెట్టడం మా వాళ్ల ఆచారం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే పిట్ట రూపంలో వచ్చి తింటారని నమ్మకం. పిట్టంటే కాకే. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో తీరని కోరిక ఉన్నట్టు లెక్క. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఇది చేస్తాం, అది చేస్తాం అని మాట ఇవ్వాలి. సరైన మాట పడగానే పిట్ట దిగుతుంది. ఇచ్చిన మాట తప్పితే పోయినవాడు గాలిలోనే తిరుగుతాడంటారు.

వర్లిలో మా పుట్టింటి దగ్గరి సముద్రపు రాళ్ల మీద విస్తరి పెట్టాం. మేక మాంసం, ఉడికించిన శనగల గుడాలు, పావు రొట్టె, అరగ్లాసు కటింగ్ చాయ్, ఆయన తాగే బీడీలు, మరిది ఎవరికీ చూపించకుండా తెచ్చిన సీసా. కాకులు లేక కాదు, గోడ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి. దిగవు. మరిది ముందుకెళ్లి, అన్నా, అమ్మను నేను చూసుకుంటా అన్నాడు. దిగలేదు. మా అమ్మాయి ఏడుస్తూ, తెలుగులో మొదలుపెట్టి మరాఠీలోకి జారిపోయి, చదువు ఆపను పప్పా అంది. దిగలేదు. మా అత్త కొంగు పట్టి, నీ పెండ్లాన్ని ఏమీ అనను కొడుకా అని మొక్కింది. అది కూడా సరిపోలేదు, కాకికి కూడా నమ్మకం కలగలేదేమో.

ఎండ తలకెక్కింది. అత్తకు చక్కెర జబ్బు, పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ పోలేదు, పెదాలు తెల్లబడ్డాయి. ఆవిడ అలా వాలిపోతుంటే ఆ కాకులు తలలు వాల్చి తమాషా చూస్తున్నాయి. నాకు ఒళ్లు మండింది. చచ్చి కూడా మొండితనం మానవా అనిపించింది. రాళ్ల మీద నిలబడి క్లాసులో అల్లరి పిల్లవాడిని గదమాయించినట్టు అరిచాను.

"సరే. నీ ఎర్ర గాడీ నేనే కొంట. ఇప్పుడన్న తిను. మీ అమ్మ తినాలె."

కాకి దిగింది. ఒకటి కాదు, వెనకే ఇంకా రెండు. మాంసం ముక్క తీసుకుని వెళ్లి గోడ మీద పెట్టుకుని తిన్నది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పిల్లలకు కొన్ని వందలసార్లు రాయించి ఉంటాను. మా అత్త కళ్లు తుడుచుకుని చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"ఇన్నరు గద అందరు," అంది.

కోపంలో అన్న మాటకు కట్టుబడాలా అని తర్వాత నేను ఆవిడతో వాదించాను. చదువుకున్నదాన్ని, కాకి కడుపుకు ఆకలేసి దిగిందని తెలియనిదాన్ని కాదు. ఆవిడ వాదించలేదు. వాడు నీ నోటి మాటకోసమే కూర్చున్నాడు, దిగింది అందరం చూశాం, మాట తప్పితే నా కొడుకు గాలిలో తిరుగుతాడు అంది. అప్పటినుంచి చాయ్ మానేసింది. బండి వచ్చిందని, వాడు తృప్తిపడ్డాడని పిట్టే చెప్పాలి, సంవత్సరీకం నాడు తేలుతుంది, అప్పటిదాకా చాయ్ ముట్టనని ఒట్టేసుకుంది. తెలియనివాళ్లకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. మా అత్త అన్నం లేకపోయినా ఉండగలదు, చాయ్ లేకుండా పూట గడిపింది నేనెరగను. పొద్దున్నే నేను చాయ్ పెడితే గోడ వైపు తిరిగి కూర్చునేది. కొన్నాళ్లకు నేను కూడా ఇంట్లో పెట్టడం మానేసి, బడి దగ్గర తాగడం మొదలుపెట్టాను. నెలలు గడిచేకొద్దీ ఆవిడ చిక్కిపోయింది. చాయ్ లేకనా, కొడుకు లేకనా అని డాక్టరును అడగలేం కదా.

సేఠు బండి కొనే తాహతు మాకు ఏడు తరాలకూ రాదు. అలాంటివాటి ధర మా అమ్మాయి ఫోన్లో చూసి, ఫోను బోర్లా పెట్టేసింది. ఇంక ఆయన చెప్పిన పాడుబడిన డబ్బాయే దిక్కు. గ్యారేజీ యజమానికి చెప్పి పెట్టాను. ఆయన నన్ను పిచ్చిదానిలా చూడకుండా, వెతుకుతాను భాభీ అన్నాడు. ఒకసారి ధారావి పక్కన పాత ఇనుము వాళ్ల దగ్గర ఏదో ఉందంటే బడి మానుకుని వెళ్లాను. వంగి అడుగు చూశాను. అడుగే లేదు, నేల కనపడింది.

అంతలో వానలొచ్చాయి. ఆ సంవత్సరం మొదటి పెద్ద వానకే సముద్రం పోటు కూడా తోడై, సేఠు మేడ కింద బండ్లు పెట్టే చోట నీళ్లు నిండాయి. ఇదివరకు వాన మబ్బు పడితే మా ఆయన ఎవరూ పిలవకుండానే పరిగెత్తి ఎర్ర బండిని పైకి తెచ్చి పెట్టేవాడు. ఈసారి ఎవరికీ గుర్తు రాలేదు. ఉప్పునీళ్లలో స్టీరింగు దాకా మునిగి కొన్నాళ్లు అలాగే ఉంది. అప్పటికే ఆదివారాలు తిప్పే మనిషి లేక మూలుగుతున్న ఇంజిను పూర్తిగా పట్టేసింది. షోకు బండ్లవాడెవడో పుణే నుంచి వచ్చి, పనికొచ్చే భాగాలన్నీ కొనుక్కుని, ఇంజిన్ను కూడా విప్పి పట్టుకుపోయాడు. మిగిలిన డబ్బాను పాత ఇనుముకు పంపేస్తున్నారని గ్యారేజీ యజమాని ఫోన్ చేశాడు. గుండె పోయిన మనిషి, ఇంజిను పోయిన బండి అని ఇక్కడ ఒక పోలిక సిద్ధంగా ఉంది. బడిలో అయితే మార్కులు వేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆయన పోయాక నేను గట్టిగా ఏడ్చింది అప్పుడే.

మరునాడు అత్త, నేను, అమ్మాయి సేఠు ఇంటికి వెళ్లాం. సేఠు మంచాన పడి ఉన్నాడు. కోడలు మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నిజంగా మర్యాదగానే, ఆ డబ్బాకు డబ్బులేం వద్దు, తీసుకెళ్లండి అంది. నాకు బరువు దిగినట్టయింది. మా అత్త ఒప్పుకోలేదు. ఊరికే తీసుకుంటే అది దానం, కొన్నట్టు కాదు, పిట్టకు చెప్పింది కొంటానని అంది. అది నేను హిందీలో చెప్పలేక నానా తంటాలు పడ్డాను. పిట్ట సంగతి మొదలుపెడితే మొదటి నుంచీ చెప్పాలి. అత్త నా కోసం ఆగలేదు. కొంగులోంచి తమలపాకులు, వక్క, అందులో చుట్టిన నూటపదహార్లు తీసి, నేరుగా సేఠు మంచం దగ్గరికి వెళ్లి రెండు చేతులతో అందించింది.

సేఠు అర్థం చేసుకున్నాడో లేదో తెలియదు. రెండు చేతులతోనే అందుకున్నాడు. మిస్త్రీ తల్లివా అని అడిగాడు. ఆదివారం పొద్దున కింద నుంచి ఆ ఇంజిను చప్పుడు వస్తే ఆ రోజు ఆదివారమని తనకు తెలిసేదని, ఇప్పుడు ఏ రోజు ఏదో తెలియడం లేదని చెప్పాడు. మా అత్తకు ఆ హిందీ ఎంత అర్థమైందో కానీ, ఆయన మంచం కోడు పట్టుకుని కాసేపు నిలబడింది.

బండిని తెచ్చి ఎక్కడ పెడతామన్నది అప్పుడు గుర్తొచ్చింది. మా గల్లీలో తోపుడు బండికే చోటు దొరకదు. మా ఎదురు చాళ్లను కొత్త భవనం కోసం కూల్చి, పని మొదలుపెట్టకుండా రేకులు అడ్డం కట్టి వదిలేశారు. అక్కడ కాపలా ఉండేది పాలమూరు నుంచి వచ్చిన మనిషి. కూలి పనులకు వచ్చే పాలమూరు వాళ్లంతా పొద్దున మా గల్లీ చివరి నాకా మీద, అంటే కూలీల అడ్డా మీద నిలబడతారు. వాళ్ల ఊళ్లలోనూ పిట్టకు పెడతారు కాబట్టి, వాళ్లకు మాత్రం నేనేమీ వివరించాల్సిన పని పడలేదు. సంవత్సరీకం దాకా పెట్టుకో అక్కా, తర్వాత తీసెయ్యాలె, పెద్దోళ్లు చూస్తే నన్ను తీసేస్తరు అని కాపలా మనిషి రేకు తెరిచాడు. సంవత్సరీకం మరునాడే వచ్చి తీసుకుపోయేలా ఇనుము వాడితో మాట్లాడుకున్నాం. నాకు మళ్లీ అనుమానం. అమ్మేస్తే మాట తప్పినట్టు కాదా అని అత్తనడిగాను. కొంటా అన్నావు, ఉంచుకుంటా అనలేదు కదా అంది. ఆవిడ బడికి వెళ్లి ఉంటే వకీలు అయ్యేది.

ఒక పొద్దున బండిని లాగే ట్రక్కు మీద ఎర్ర బండి మా గల్లీలోకి వచ్చింది. పాత టాక్సీ టైర్లు తొడిగారు, అవి దాని కింద చిన్నవాళ్ల చెప్పుల్లా ఉన్నాయి. ఒక పక్క రంగు పొరలు పొరలుగా లేచిపోయింది, ముందు అద్దంలో ఒక చీలిక. నాకా మీది కూలీలు వచ్చి తోసి లోపల పెట్టారు. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు, ఇదేం ఏనుగు, ఇంజినే లేదు అని పై అంతస్తులోంచి ఎవరో అన్నారు. నీ నోట్లో కూడా పళ్లు లేవు, నిన్ను ఉంచుకోలేదా అని నేను కిందినుంచే జవాబు చెప్పాను. అత్త ఆ గొడవ పట్టించుకోలేదు. బండి చుట్టూ తిరిగి, బానెట్టు మీద పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. బండి కదిలి అవి నలగాలి కదా. కూలీలే మళ్లీ నవ్వుకుంటూ తోశారు. ఒక కాయ నలగకుండా పక్కకు దొర్లిపోయింది. అత్త దాన్ని తీసి మళ్లీ పెట్టి మళ్లీ తోయించింది.

మా అమ్మాయి మొదట సిగ్గుపడి బయటికి రాలేదు. తర్వాత ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి బండి దగ్గర కింద కూర్చుని అడుగు చూస్తోంది. ఏం చూస్తున్నావంటే, పప్పా చూడమన్నాడు కదా, తుప్పు ఎంత ఉందోనని అంది. ఎంత ఉందే అన్నాను. చాలా ఉంది మమ్మీ, పప్పా అయితే కొననిచ్చేవాడు కాదు అంది. ఇద్దరం అక్కడే ఆ రాళ్ల మీద కూర్చుని నవ్వుకున్నాం, తర్వాత అది నా భుజం మీద తల పెట్టుకుంది.

సంవత్సరీకం వచ్చింది. ఈసారి సముద్రం దగ్గరికి కాదు, విస్తరి బండి బానెట్టు మీదే అని అత్త తీర్మానించింది. అవే వంటలు, అవే బీడీలు, అదే సీసా, ఈసారి మరిది దాచకుండా తెచ్చాడు. అందరూ కూలిన గోడల మీద దూరంగా నిలబడ్డారు. కాపలా మనిషి కూడా తల మీద తువ్వాలు తీసి నిలబడ్డాడు. అత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు అండ్ల కూసో బిడ్డ," అంది. "వాడు కూసోబెడత అన్నడు గద."

ఆ మాట ఆవిడకు తెలుసని నేననుకోలేదు. ఒక గదిలో నలుగురం బతికాం, ఎవరి మాటలు ఎవరికి తెలియవు.

వెళ్లి ఎడమ పక్క తలుపు తీసుకుని కూర్చున్నాను. కూర్చున్నాక మోకాళ్లకు స్టీరింగు తగిలింది. ఇది అమెరికా బండి. స్టీరింగు ఎడమ వైపే ఉంటుంది. నాకు తెలియక కాదు, ఆయన నూరుసార్లు చెప్పాడు. అయినా ఇన్నేళ్లూ ఆ సీటును తలుచుకున్నప్పుడల్లా నేను ఎడమ పక్కన ఉండేదాన్ని, ఆయన కుడి పక్కన ఉండేవాడు, అందరి బండ్లలో లాగే. ఇప్పుడు నేను కూర్చున్నది ఆయన చోటు. నడుము దగ్గర దిండు లోతుగా దిగిపోయి ఉంది, ఆయన ఆదివారాలన్నీ కూర్చున్న చోటది. నాకోసం అన్న సీటు కుడి పక్కన ఉంది. అందులో ఎవరూ లేరు. దిగి అటు పక్కకు వెళ్దామనుకుని ఆగాను. పక్కకు జరిగినా ఈ సీటు ఖాళీ అవుతుంది, అంతే తేడా.

స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. చీలిన అద్దంలోంచి విస్తరి కనపడుతోంది. పోయినసారి ఈ కాకుల కోసం తల పగలగొట్టుకున్నదాన్ని, ఈసారి నా మనసులో వేరే ఉంది. వెంటనే రాకు అనుకున్నాను. పోయినసారిలాగే మొండికెయ్యి, గోడ మీద కూర్చుని నన్ను బతిమాలించుకో. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. పిల్లలు లేరని మా తెలుగు తరగతులు మూసేస్తున్నారని చెప్పాలి. మన చాళ్లు కూడా రేపోమాపో పడగొడతారట, మనం పరుపు పరిచిన చోటు ఇక ఉండదని చెప్పాలి. అమ్మాయి చదువు అయిపోయిందని చెప్పాలి. అత్త నన్ను బిడ్డా అని పిలవడం నేర్చుకుందని చెప్పాలి. నువ్వు దిగకుండా ఉంటే నేను ఒక్కొక్కటే చెప్తాను, నీకు తీరని కోరిక ఏదైనా ఇంకొకటి ఉంటే అది కూడా ఇస్తాను, ఇంకో సంవత్సరం పట్టినా సరే.

నోరు తెరిచేలోపు రెక్కల చప్పుడైంది. కాకి నేరుగా బానెట్టు మీద వాలింది. అద్దంలోంచి నా వైపు ఒకసారి తల వంచి చూసి, మాంసం ముక్క నోట కరుచుకుని, వచ్చిన దారినే పోయింది. అందరూ చేతులు జోడించారు. తిన్నడు, నా కొడుకు తిన్నడు అని మా అత్త నెమ్మదిగా అనుకుంటోంది. ఏడాది తర్వాత ఆవిడ గొంతులో ఆ నిమ్మళం విని నేను కూడా సంతోషపడాలి. పడ్డాను కూడా.

ఇంక పోదాం పా, ఒక కటింగ్ చాయ్ తాపియ్యి బిడ్డా అని అత్త కిటికీ దగ్గరికి వచ్చి పిలిచింది. పెడతాను అత్తా అన్నాను, కానీ వెంటనే దిగలేదు. పోయిన ఏడాది అంతమందితో అంతసేపు బతిమాలించుకున్న మనిషి, ఈసారి నన్ను ఒక్క మాట కూడా అననివ్వలేదు.